అత్తవారిల్లు ఎవరిది?

తెలుగు కథల్లో అత్త పాత్ర గురించి మనం రాసుకున్న విమర్శ చాలావరకు ఆమె గుణగణాల విమర్శే. గయ్యాళి అత్త, సాత్వికురాలైన అత్త, పాతకాలపు అత్త, చివరి పేజీలో మనసు మారిన అత్త — ఇలా తరగతులు కట్టి ఊరుకున్నాం. ఆ మాటతో ఎవరు ఎవరిని పిలుస్తున్నారు, పిలిచే మనిషికీ పలికే మనిషికీ మధ్య ఏ ఆస్తి ఉంది, ఏ చాకిరీ ఉంది అని అడిగిన సందర్భాలు తక్కువ. చుట్టరికపు పేరును అలవాటు కొద్దీ వాడే రచయిత, ఆ పేరు మోసుకొస్తున్న తీర్పును కూడా తనకు తెలియకుండానే వాడుతుంటాడు. ఈ వ్యాసంలో ఆ తీర్పును పరిశీలించదలచుకున్నాను.

ముందు మాట సంగతి చూద్దాం. తెలుగులో తండ్రి తోబుట్టువు అత్త. మేనమామ భార్యా అత్తే. ఆడపిల్లకు భర్త తల్లి అత్త. మగవాడికి భార్య తల్లి అత్త. హిందీవాళ్లు బువా అని, మామీ అని, సాస్ అని వేరువేరుగా పిలిచేవాళ్లందరినీ మనం ఒక్క మాటతో పిలుస్తున్నాం. 1852లో తన నిఘంటువు అచ్చువేసిన బ్రౌను దొరకు ఈ రెండక్షరాల మాటకు ఒక్క ఇంగ్లీషు మాట సరిపోలేదు. తమిళంలో అత్తై, కన్నడంలో అత్తె. అంటే ఇది ఒక్క తెలుగువాళ్ల ముచ్చట కాదు, ద్రావిడ భాషలు మాట్లాడే జనం కుటుంబాన్ని అల్లుకున్న తీరు.

ఆ అల్లిక చాలా కచ్చితమైనది. తల్లి అక్కచెల్లెళ్లు పెద్దమ్మ, పిన్ని. వాళ్ల పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. తండ్రి అక్కచెల్లెళ్లు మాత్రం అత్తలు. వాళ్ల పిల్లలు బావ, బావమరిది, వదిన, మరదలు. మాటలు పూర్తిగా రాని పసిపిల్లకు ‘పిన్నీ’ అని ఒకరిని, ‘అత్తా’ అని మరొకరిని చూపించి నేర్పుతున్నప్పుడే, ఏ ఇంటి పిల్లవాడు తోబుట్టువో ఏ ఇంటి పిల్లవాడు పెళ్లికి వరసైనవాడో నేర్పేస్తున్నాం. ఎదుటి మాట కూడా అలాంటిదే. అన్న కూతురు ఆమెకు మేనకోడలు. పెళ్లయితే ‘మేన’ ఊడి కోడలు. దక్షిణాదివాళ్లు మేనమామ కూతురినీ మేనత్త కూతురినీ పెళ్లాడతారని బౌధాయన ధర్మసూత్రం ప్రత్యేకంగా పేర్కొన్నది. రాయలసీమలో, కన్నడ సరిహద్దు ప్రాంతాల్లో అక్క కూతురిని చేసుకోవడమూ ఉంది. అప్పుడు నిన్నటిదాకా ‘అవ్వా’ అని పిలిచిన అమ్మమ్మే ఆ పిల్లకు అత్త అవుతుంది. 1955 హిందూ వివాహ చట్టం నిషిద్ధ సంబంధాల పట్టిక వేస్తూనే, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు వల్లే మన మేనరికాలు చట్టబద్ధంగా నిలిచాయి.

ఈ వరసలు యూరపు పండితుల పుస్తకాల్లోకి ఎక్కిన తీరు అభ్యుదయ రచయితలకు ఆసక్తి కలిగించేది. అమెరికన్ మానవశాస్త్రవేత్త మోర్గన్ 1871లో ప్రకటించిన బృహద్గ్రంథంలో తమిళ, తెలుగు, కన్నడ వరసల పట్టికలున్నాయి. న్యూయార్కు ప్రాంతపు ఇరాక్వా తెగల వరసలకూ దక్షిణ భారత వరసలకూ పోలికలు చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. ఎంగెల్స్ 1884లో కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యాంగయంత్రాల పుట్టుక గురించి రాసిన పుస్తకం ఆ పట్టికల మీద ఆధారపడింది. మోర్గన్ ఊహించిన ఆదిమ కుటుంబ దశలను తరువాతి శాస్త్రజ్ఞులు చాలావరకు తోసిపుచ్చారు. అయినా ఆ చర్చలో ఒక్క సూత్రం మనకు పనికి వస్తుంది. కుటుంబం కదులుతూ ఉంటుంది. వరసల పేర్లు మాత్రం గడ్డకట్టి వెనక నిలిచిపోతాయి. బతుకు మారిపోయాక కూడా పాత పేరు కొత్త సంబంధాన్ని మోస్తూ ఉంటుంది.

‘అత్తవారిల్లు’ అనే మాటను ఈ సూత్రంతో చూడండి. హిందీలో ఆ ఇంటికి ససురాల్ అని పేరు. శ్వశురుడి ఇల్లు, అంటే మామగారి ఇల్లు. ఆస్తి ఎవరిదో పేరూ వారిదే. తెలుగులో మాత్రం అత్తవారిల్లు, అత్తారిల్లు, అత్తిల్లు. పొలం పట్టా మామ పేరున ఉంటుంది. ఇంటి దస్తావేజు మామ పేరున ఉంటుంది. ఆయన తరువాత కొడుకుల పేరున ఉంటుంది. పేరు మాత్రం అత్తది. సొంతదారు కాని మనిషి పేరు ఇంటికి ఎందుకు పెట్టుకున్నాం?

నాకు తోచిన సమాధానం ఇది. మేనరికం బలంగా ఉన్న రోజుల్లో ఆడపిల్ల వెళ్లిన ఇల్లు చాలాసార్లు నిజంగానే అత్త ఇల్లు, తండ్రి అక్కో చెల్లెలో కాపురం చేస్తున్న ఇల్లు. ఆ ఇంట్లో పిల్లకు ముందుగా తెలిసిన ముఖం ఆమెదే. భయపడకు, అత్త దగ్గరికే కదా పోతున్నావు అన్న ఊరడింపు ఆ పేరులో ఉంది. పుట్టింటి ఆస్తిలో వాటా లేని ఆడపడుచు అన్న ఇంటి మీద నిలుపుకున్న ఒకే ఒక హక్కు, అన్న కూతురిని కోడలిగా అడగడం. మేనరికం ఆ హక్కుకు గుర్తు. దాన్ని ఆదర్శంగా చూపించడం నా ఉద్దేశం కాదు. భూమి చెదరకుండా కాపాడుకోవడానికి పిల్లల ఇష్టాయిష్టాలను బలిపెట్టిన సందర్భాలు అసంఖ్యాకం. దగ్గరి రక్తసంబంధంలో పుట్టే పిల్లలకు కొన్ని జన్యువ్యాధుల ముప్పు ఎక్కువని వైద్యశాస్త్రం చెబుతున్నది. కాని మేనరికం సడలి, చదువుకున్న వరుడికి బజారులో ధర ఏర్పడి, కట్నం తూకం మీద దూరపు సంబంధాలు కుదరడం మొదలైనప్పుడు ఒక వింత జరిగింది. ముక్కూ మొహం తెలియని ఇంటికి కూడా అదే పేరు కొనసాగింది. ఊరడింపు పోయి పేరు మిగిలింది.

ఆస్తి ఈ మాటను ఎలా చీలుస్తుందో చూడాలంటే శశిరేఖాపరిణయ కథను మించిన ఉదాహరణ లేదు. వ్యాసభారతంలో లేని ఈ కథ మన దేశవాళీ నాటకాల్లో, హరికథల్లో, చివరికి 1957లో వచ్చిన ‘మాయాబజార్’ సినిమాలో జనం సొంతమయింది. మూలభారతంలోనే దీనికి పునాది ఉంది. కుంతి వసుదేవుడి తోబుట్టువు. వసుదేవుడి కూతురు సుభద్ర కుంతి కొడుకు అర్జునుణ్ణి పెళ్లాడింది. కుంతి సుభద్రకు మేనత్తా అత్తగారూ ఒక్కరే. ఆ తరువాతి తరంలో సుభద్ర తన అన్న బలరాముడి కూతురు శశిరేఖను కొడుకు అభిమన్యుడికి అడిగింది. మాట కుదిరింది. అప్పుడు పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకున్నారు. పిల్లతల్లి రేవతికి సంబంధం చేదయింది, బలరాముడి అండ కోసం దుర్యోధనుడు తన కొడుక్కి పిల్లనడిగాడు, ఇచ్చిన మాట నీటిమూట అయింది. పుట్టింటికి వచ్చిన సుభద్ర మేనత్తగా మిగిలింది, అత్త కావడానికి అనర్హురాలయింది. రాజ్యం ఉన్నంతకాలం ఒకటిగా ఉన్న మాట రాజ్యం పోగానే రెండయింది. పింగళి నాగేంద్రరావు రచనలోని మాయలూ మంత్రాలూ విందులూ చూసి నవ్వుకున్నవాళ్లకు, వాటి కింద నడుస్తున్నది వరసకూ ఆస్తికీ మధ్య పోట్లాట అని తట్టకపోవచ్చు. కాని ఆ సినిమా పల్లెల్లో అంతగా నిలబడడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం. తమ్ముడు బాగుపడి, మాట తప్పి, పిల్లను బయటి సంబంధానికి ఇచ్చిన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

అంతకంటే చాలా పాత సాక్ష్యం హాలుడి గాథాసప్తశతిలో ఉంది. ఆ ప్రాకృత సంకలనంలో ‘అత్తా’ అన్న మాట కనిపిస్తుంది. ఒక గాథలో ఇల్లాలు బాటసారికి పగటిపూటే పడకలు చూపిస్తుంది. అత్త పడుకునేది ఇక్కడ, నేను పడుకునేది ఇక్కడ, రేచీకటివాడివి కదా, పొరపాటున మా పడకల మీద పడేవు అంటుంది. నిషేధంలా కనిపించే మాటలో ఆహ్వానం ధ్వనిస్తున్నదని తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన ఆనందవర్ధనుడు దీన్ని ఉదాహరించాడు. ధ్వని గురించి ఎం.ఏ. తరగతుల్లో ఎన్నిసార్లు విన్నామో! ఆ ఇంట్లో అత్త చేస్తున్న పనేమిటని మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె కాపలా కాస్తున్నది. కొడుకు ఊళ్లో లేని ఇంట్లో కోడలి శీలానికి కాపలా. వంశం కోసం, ఆస్తికి పుట్టబోయే వారసుడి కోసం కాపలా. కాపలా కాసినంత మాత్రాన ఇల్లు కాపలావాడిది కాదు. అత్త అనేది ఒక స్వభావానికి పేరుగా మన సాహిత్యంలో స్థిరపడిపోయింది గాని, నిజానికి అది ఒక స్థానానికి పేరు, ఒక ఉద్యోగానికి పేరు.

ఈ ఉద్యోగం గురించి మన స్త్రీల పాటలు పండితుల కంటే తెలివిగా మాట్లాడాయి. బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం వంటివారు సేకరించి భద్రపరచిన జానపద గేయ సంపదలో అత్తాకోడళ్ల పాటలు ఒక పెద్ద భాగం. వాటిలో చాలా పాటలు తిరగలి దగ్గర, రోకలి దగ్గర పుట్టినవి. అత్త పురమాయించిన పని చేస్తూ అత్త మీద పాట కట్టారు. అందులో కోడలి ఫిర్యాదులను వరసగా చదవండి: తిండి కొలత, నూనె కొలత, పుట్టింటికి పంపకపోవడం, ఉట్టి మీది వెన్న, నడుముకు వేలాడే తాళంచెవులు. అన్నీ వస్తువుల గురించి, శ్రమ గురించి, సెలవు గురించి. అత్త మంచిదా చెడ్డదా అన్న తత్త్వచర్చ ఆ పాటలకు పట్టలేదు. తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయో వాటికి తెలుసు.

గురజాడ ‘కన్యాశుల్కం’లో కోడళ్లను సాధించే అత్త పాత్ర లేకపోవడం కూడా గమనించదగినదే. ముసలి వరుడికి పసిపిల్లను అమ్మే వ్యవస్థలో కోడలిని ఏలడానికి అత్త బతికి ఉండదు. ఆ నాటకంలో అత్త కాబోయే మనిషి ఎవరయ్యా అంటే సుబ్బి తల్లి వెంకమ్మ. తనకంటే పెద్దవాడైన లుబ్ధావధాన్లకు ఆమె అత్తగారు కావాలి! ఆ వరసను ఆమె ఎదిరిస్తుంది. వరస అనేదాన్ని డబ్బు ఎంత వికృతం చేయగలదో చెప్పడానికి గురజాడకు ఉపన్యాసం అవసరం కాలేదు.

తరువాతి కాలంలో సినిమా ఈ పాత్రను ఒక గొంతుగా మార్చింది. సూర్యకాంతం (1924–1994) మహానటి. ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడం జనం మానుకున్నారనే చమత్కారం ఆమె ప్రతిభకు లోకం ఇచ్చిన కితాబు. కాని ఆ ప్రతిభను వాడుకున్న కథలు ఏం చెప్పాయి? 1962 నాటి ‘గుండమ్మ కథ’లో గుండమ్మ ఇల్లూ ఆస్తీ చేతిలో ఉన్న వితంతువు. సవతి కూతురిని పనిమనిషిగా వాడుకుంటుంది గనుక ఆమె మీద జాలి అక్కరలేదు. అయితే తెలుగు సినిమాలో ఆస్తి చేతిలో ఉన్న ఆడది ఎందుకు ఎప్పుడూ గయ్యాళే కావాలి, పెత్తనం చేసే జమీందారు తండ్రి ఎందుకు ‘పంతం గల పెద్దమనిషి’ కావాలి అన్న ప్రశ్న మిగులుతుంది. భానుమతీ రామకృష్ణ ‘అత్తగారి కథలు’ దీనికి భిన్నం. ఆ అత్తగారు చాదస్తపు మనిషి. చదువుతున్నంతసేపూ నవ్విస్తుంది, ఎవరినీ భయపెట్టదు. ఆ మార్పు రచయిత్రి హాస్యస్వభావం వల్ల వచ్చిందని మాత్రమే చెబితే సగం చెప్పినట్టే. కథ చెప్పే కోడలిలో సంపాదనపరురాలైన కళాకారిణి ఛాయలున్నాయి. ఆ ఇంట్లో కోడలి బతుకు అత్త చేతి తాళంచెవుల మీద ఆధారపడి లేదు. భయం పోయినచోటనే హాస్యానికి చోటు దొరికింది.

మగవాడికి ఇదే మాట ఎంత వేరుగా వినిపిస్తుందో కూడా చూడాలి. అతనికి అత్తవారిల్లంటే సంక్రాంతి, కొత్త బట్టలు, కొసరి కొసరి వడ్డన. అదే ఆడమనిషి, ఒకరికి కాపలాదారు, మరొకరికి వంటమనిషి. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడన్న సామెత అతని ధీమా సంగతి చెబుతుంది. జైలును వెటకారంగా ‘అత్తారిల్లు’ అనడం మనందరికీ తెలిసిందే. హిందీలోనూ ఆ వెటకారం ఉంది. ఆ మాట పుట్టించినవాడు తప్పకుండా మగవాడై ఉంటాడు. పని లేకుండా కూర్చోబెట్టి అన్నం పెట్టే చోటు అని అతని హాస్యం. అదే మాట ఆడది విన్నప్పుడు పోలిక తలకిందులవుతుంది. ఆమె అనుమతి లేకుండా గడప దాటలేనిది, లెక్క ప్రకారం తిండి దొరికేది, శిక్షాకాలం ఎంతో ఎవరూ చెప్పనిది ఆ ఇల్లు. ఒకే నుడికారం మీద ఇద్దరు రెండు రకాలుగా నవ్వుతున్నప్పుడు, రచయిత ఎవరి నవ్వు వింటున్నాడన్నది అతని దృక్పథానికి పరీక్ష.

ఇక పత్రికల భాష. కోడలు కాలిపోయినా, ఉరిపోసుకున్నా శీర్షిక ఒక్కటే: ‘అత్తింటి వేధింపులు’. 1983లో శిక్షాస్మృతిలో చేరిన 498-ఏ సెక్షను భర్తను ముందు చెప్పి, తరువాత అతని బంధువులను చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఆ వరసే పాటించింది. తెలుగు శీర్షికలో మాత్రం భర్త మాయమై అత్త పేరుగల ఇంటి చాటుకు వెళ్లిపోతాడు. కట్నం బేరం చేసినవాడు మామ, పుచ్చుకున్నవాడు కొడుకు, పేరు మోసేది అత్త. అత్తలు అమాయకులని నేను వాదించడం లేదు. కిరసనాయిలు డబ్బా అందించిన చేతులు అత్తలవీ ఉన్నాయి. కాని నేరంలో భాగస్వామి పేరును నేరం మొత్తానికీ శీర్షికగా పెట్టే భాష, మిగిలిన భాగస్వాములకు ప్లీడరీ చేస్తున్నట్టే.

మరి అత్త ఎందుకు ఆ పని చేస్తుంది? ఆడదానికి ఆడదే శత్రువు అన్న పాత పాట ఇక్కడ మొదలవుతుంది. దానికి జవాబు ఆస్తి చట్టంలో వెతకాలి. 1956 హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షను చదవండి. భర్త పోయి, పిల్లలు లేని స్త్రీ వీలునామా లేకుండా చనిపోతే, ఆమె కష్టపడి సంపాదించుకున్న ఆస్తి ముందు భర్త వారసులకు పోతుంది. వాళ్లెవరూ లేకపోతేనే కన్న తల్లిదండ్రులకు. భర్త వారసుల్లో మొదటి తరగతిలో అతని తల్లి ఉంది. అంటే కన్నతల్లి కంటే అత్తే ముందు. పైకి ఇది అత్తకు దక్కిన గౌరవంలా కనిపిస్తుంది. కాని ఆ హక్కు ఆమెకు ఎలా వచ్చింది? కొడుకు తల్లి గనుక వచ్చింది. ఇంటి గౌరవం, వంటింటి పెత్తనం, ముసలితనంలో ముద్ద — ఆమెకు ఉన్నవన్నీ కొడుకు ద్వారా వచ్చినవే. ఆ కొడుకు మీదే ఇప్పుడు మరొక స్త్రీ బతుకు ఆధారపడింది. ఒకే చెయ్యి ఇద్దరికీ తిండి పెట్టాలి. ఆ చెయ్యి కోసం ఇద్దరూ పోట్లాడుతున్నారు. చెయ్యిగలవాడు మధ్యలో కూర్చుని ఆడవాళ్ల గొడవలు నాకెందుకంటున్నాడు. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి, అదీ అప్పటికి పెళ్లికాని కూతుళ్లకే, వర్తించింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. కాగితం మీది ఆ వాటా చేతికి వచ్చిన అత్త, చేతికి వచ్చిన కోడలు ఎలా మాట్లాడుకుంటారన్నది రాయదగిన కథ.

కూలికి పోయే ఇళ్లలో అత్తాకోడళ్ల మధ్య లెక్క మరో విధంగా ఉంటుంది. ఇద్దరూ నాట్లకు పోతారు, లేదా అత్త పసిబిడ్డను చూసుకుంటేనే కోడలు కూలికి పోగలుగుతుంది. అక్కడ తగాదా లేదని కాదు. తగాదా వచ్చినప్పుడు అది ఆనాటి కూలి డబ్బుల గురించి, కొడుకు తాగిన దాని గురించి బాహాటంగా వస్తుంది. తెలంగాణలో కోడలు ‘అత్తమ్మా’ అన్నప్పుడు ఆ పిలుపులో ఉన్న అమ్మ అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు. ఆ రెంటి మధ్య ఉన్న దూరాన్ని మన మధ్యతరగతి కథకుడు ఇంకా సరిగా కొలవలేదు.

నేను పాఠశాలలో తెలుగు చెబుతాను. ఎనిమిదో తరగతి పిల్లలను ‘అత్త’ అన్న మాటను సొంతవాక్యంలో ప్రయోగించమంటే ఎక్కువమంది టీవీ సీరియల్లోని అత్త గురించి రాశారు. తండ్రి చెల్లెలిని వాళ్లలో చాలామంది ‘ఆంటీ’ అంటారు. పిన్నికీ అత్తకూ పొరుగింటావిడకూ ఒకే పేరు. ఒక అమ్మాయి మాత్రం ‘మా అత్త వస్తే మా నాన్న మంచం మీద నుంచి లేచి నిలబడతాడు’ అని రాసింది. మేనత్తకు పుట్టింట ఉన్న స్థానాన్ని ఆ వాక్యం కంటే బాగా ఏ నిఘంటువూ చెప్పలేదు. అదే మేనత్త తన ఇంట్లో మరొక పిల్లకు అత్తగారు. అన్నను లేపి నిలబెట్టే మనిషి, కోడలిని కూర్చోనివ్వని మనిషి ఒక్కరే. ఆమెను పూర్తిగా రాయాలంటే రెండు ఇళ్లలోనూ చూడాలి. మన కథలు రెండో ఇంట్లోనే ఆగిపోతున్నాయి.

యువరచయితలకు నేను చెప్పదలచుకున్నది చిన్న విషయం. అత్త పాత్రను ప్రవేశపెట్టినప్పుడు ఆమె గొంతును, నోటిదురుసును వర్ణించే ముందు నాలుగు సంగతులు తెలుసుకోండి. ఆ ఇల్లు ఎవరి పేరున ఉంది? ఆమె పుట్టింటినుంచి ఏం తెచ్చుకుంది, అది ఏమైంది? కొడుకు జీతం ఎవరి చేతికి వస్తుంది? రేపు ఆమెకు అన్నం పెట్టేదెవరు? ఇవి తెలిస్తే ఆమె నోటి మాటలు వాటంతట అవే వస్తాయి, చివరి పేజీలో హఠాత్తుగా ఆమె మనసు మార్చవలసిన అవసరమూ ఉండదు. పరిస్థితి మారకుండా మనసు మారిన అత్త, వడ్డీ వదులుకున్న షావుకారు లాంటిది. అలాంటివాళ్లు కథల్లోనే ఎక్కువ.

అత్తవారిల్లు అనే పేరును భాషలోంచి తీసివేయమని ఎవరూ అనరు. తీసివేద్దామన్నా అది పోదు. కాని ఆ ఇంటి మీద అత్త పేరు, దస్తావేజు మీద మరొకరి పేరు ఉన్నంతకాలం, ఈ రెండు పేర్ల మధ్య ఉన్న తేడాను పాఠకుడికి చూపించడం రచయిత బాధ్యత.